తొట్టెల కోసం తెచ్చిన డ్రిల్లు

బాలింతకు పనేముంటుంది? పాలివ్వాలి, పడుకోవాలి, కప్పు చూడాలి. ఆ మూడింటిలో నేను మనసు పెట్టి చేసింది మూడోదే. గోదావరిఖనిలో మా క్వార్టరు వెనక గది కప్పు మీద ఎక్కడ ఏ మరక ఉండేదో ఇప్పటికీ కళ్ళు మూసుకుని చెప్పగలను. కిటికీ వైపు ఉన్నది పడుకున్న బర్రెలా ఉండేది. మధ్యాహ్నం వెలుగు తిరిగినప్పుడల్లా ఆ బర్రె కొంచెం ఒత్తిగిల్లినట్టు అనిపించేది. ఆ మాట మా అత్తమ్మతో అంటే ఉప్పూ మిరపకాయలూ తెచ్చి నాకు దిష్టి తీసింది.

మంచం కింద కుంపటి ఉండేది. మా ఊళ్ళో బొగ్గుకు కరువు లేదు కనుక అది ఆరేది కాదు. సాంబ్రాణి, వాము, పాలు, తడి గుడ్డలు, అన్నీ కలిసిన వాసనలో నేను నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో తేలుతూ ఉండేదాన్ని. గని కూత వినిపిస్తే ఒక షిఫ్టు దిగిందనీ, ఇంకొకటి ఎక్కిందనీ తెలిసేది. అది ఏ షిఫ్టో మాత్రం తెలిసేది కాదు, తెలుసుకోవాలనీ అనిపించేది కాదు. పక్కన పాప ఊపిరి తీస్తోందా లేదా అన్నది ఒక్కటే తెలుసుకోవాలనిపించేది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదాన్ని. వెచ్చగా తగిలితే మళ్ళీ తేలిపోయేదాన్ని.

ఆ భయానికి కారణం ఉంది. పాప నాకు రెండో కాన్పు. మొదటి బిడ్డను మంథని దగ్గర మా పుట్టింట్లో కన్నాను. పేరు పెట్టే రోజు రాకముందే పోయింది. ఆ రోజు కోసం మా అమ్మ ముందుగానే ఊయల కడిగించి, గొలుసులకు చింతపండు పెట్టి తోమించి ఉంచింది. తరవాత ఆ గొలుసులు ఒక్కొక్కటే విప్పి అటక మీదికి ఎక్కించింది. పక్క గదిలో పడుకుని ఆ చప్పుడు విన్నాను. కనుక ఈసారి నేను దేవుణ్ణి కోరుకున్నది చిన్న కోరికే. పేరు పెట్టే రోజున నా బిడ్డ ఊయలలో పడుకోవాలి. అందరూ చుట్టూ నిలబడి ఊపాలి. అదొక్కటి జరిగితే తక్కినవి వాటంతటవే జరుగుతాయని నాకు గట్టి నమ్మకం. నమ్మకాలకు లెక్కలుండవు.

ఊయల మాటకు వస్తే, మా ప్రాంతంలో దాన్ని తొట్టెల అంటారు. కొత్త తొట్టెల చేయించాననీ, ఆ రోజుకు పట్టుకొస్తాననీ అమ్మ కబురు పంపింది. పట్టుకొస్తే సరిపోతుందా, కట్టడానికి పైన ఏదైనా ఉండాలి కదా. అత్తమ్మ వాళ్ళ ఊళ్ళో ఇంటికి దూలం ఉంది. మా ఆయన, ఆయన తోడబుట్టిన వాళ్ళందరూ ఆ దూలానికే ఊగారు. మా క్వార్టరుకేమో స్లాబు. అరచెయ్యిలా చదునుగా, నున్నగా, పట్టుకోవడానికి ఏమీ లేకుండా. కట్టినవాళ్ళకు కొక్కెం పెట్టాలన్న ఆలోచనే రాలేదు, లేదా వాళ్ళ ఇళ్ళలో పిల్లలు లేరు. అత్తమ్మ మా క్వార్టరులో మొదటిసారి అడుగు పెట్టిన రోజునే పైకి చూసి, "దూలం లేని ఇల్లు ఇల్లెట్లయితది బిడ్డా" అంది.

మా ఆయన గనిలో డ్రిల్లు మనిషి. బొగ్గు గోడకు మందు పెట్టి పేల్చాలంటే ముందు అందులో పొడవాటి రంధ్రాలు వేయాలి. ఆ రంధ్రాలు వేసే మిషనును ఇద్దరు మనుషులు పొట్టతో, భుజంతో ఆనించి నెడతారు. ఇంటికి వచ్చాక కూడా చాలాసేపటి వరకు ఆయన చేతులు సన్నగా వణుకుతుండేవి. అన్నం ముద్ద నోటి దాకా వచ్చేలోపు మెతుకులు రాలిపోయేవి. అలాంటి మనిషికి ఇంటి కప్పుకు ఒక రంధ్రం వేయడం ఒక పనా అనుకున్నాను.

పాప పుట్టిన కొద్ది రోజులకు ఆయన రైలెక్కి మంచిర్యాల వెళ్ళాడు. గోదావరి దాటి వెళ్ళాడంటే చీర తెస్తాడని నా ఆశ. వచ్చేటప్పుడు తువాలులో ఏదో మూటగట్టి తెచ్చాడు. చీరకు అంత బరువుండదని అప్పుడే అర్థమైంది. విప్పి చూపించాడు. ఆకుపచ్చ రంగు సగం ఊడిపోయిన ఇనుప మిషను. ముందు మూతి, కింద పిడి, పిడికి మీట, మీట వెనక నుంచి నల్లటి వైరు. పాత సామాన్ల దుకాణంలో దొరికిందట. చేతిలో పట్టుకుని వాడే కరెంటు డ్రిల్లు.

"ఏందిరా అది, పందిమూతి లెక్కున్నది?" అంది అత్తమ్మ.

"తొట్టెలకు కొక్కెం పెట్టాలె గదనే అవ్వ. సుత్తె, శానం పెట్టి కొడితె స్లాబు పగుల్తది. గిదైతె మెల్లగ తొలుస్తది" అన్నాడు తల్లితో. శానం అంటే ఉలి.

ఆ సాయంత్రం ముందు గదిలో ఒక పాత చెక్క మీద దాన్ని తిప్పి చూపించాడు. గుర్రుమని ఒక్క ఉదుటున తిరిగింది. నీలం రంగు నిప్పురవ్వలు కొన్ని దాని పొట్టలో మెరిశాయి. చెక్క పొట్టు చుట్టలు చుట్టలుగా రాలింది. పాప ఉలిక్కిపడి ఏడ్చింది. నాకు మాత్రం ఆ చప్పుడు జోలపాట లాగానే వినిపించింది. రేపు వారపు సెలవు, రేపే కొక్కెం పెడతానన్నాడు. ఆ రాత్రి కలలో మా కప్పంతా కొక్కేలు మొలిచాయి, కొక్కేనికో తొట్టెల వేలాడింది.

మరునాడు పొద్దున ఆయన స్టూలు తెచ్చి నా మంచం పక్కన వేసుకుని ఎక్కాడు. డ్రిల్లు తీసుకోలేదు. ఒక ఇనుప చువ్వ తీసుకుని కప్పును అక్కడక్కడ కొట్టడం మొదలుపెట్టాడు. ఒక చేత్తో కొడుతూ, రెండో చేతి వేళ్ళు కప్పుకు ఆనించి, తల పక్కకు వంచి వింటున్నాడు. టంగు, టంగు, టంగు. నా బర్రె మరక దగ్గరికి వచ్చేసరికి డబ్బుమంది. చెయ్యి ఆగింది. మళ్ళీ అక్కడే కొట్టాడు. మళ్ళీ డబ్బుమంది. ఆయన ముఖం నాకు కింద నుంచి కనిపించలేదు, మెడ మాత్రం కనిపించింది. కొక్కేనికి మంచి చోటు వెతుకుతున్నాడని నేను అనుకున్నాను. స్టూలు దిగి, చాయ తాగి వస్తానని ముందు గదిలోకి వెళ్ళాడు.

వచ్చి ప్లగ్గు పెట్టి మీట నొక్కాడు. మిషను పలకలేదు. ఇంకోసారి నొక్కాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. "నిన్న మంచిగ తిరిగింది గద, ఏమైంది దీనికి" అన్నాడు. పాత సామాను కదా, ఉన్నన్నాళ్ళు ఉంటుంది, లేకపోతే లేదు అన్నాను.

మా లైనులోనే, చివరి క్వార్టరులో ఒక ఎలక్ట్రీషియన్ ఉండేవాడు, అందరికీ కాక, అంటే బాబాయి. మా ఆయనకంటే చాలా పెద్దవాడు. మాటల మనిషి. చేతిలో పని ఉంటే మాటలు ఇంకా ఎక్కువ. అత్తమ్మ ఆయన్ను పిలుచుకొచ్చింది. కాక ముందు గదిలో చాపేసుకుని కూర్చుని, నాకు కూడా వినపడేట్టు గొంతు పెంచి మిషనుకు వైద్యం మొదలుపెట్టాడు. బాలింత గదిలోకి పరాయి మగవాళ్ళు రాకూడదు కనుక ఆ వైద్యమంతా నేను చెవులతోనే చూశాను.

"చూడు బిడ్డా, కరెంటు మిషను నడుస్తలేదంటె మూడే మూడు. కరెంటు గోడ దాంక రాకపోవుడు. గోడ కాడ ఉన్నది మిషను లోపటికి పోకపోవుడు. లోపటికి పోయినంక తిరగకపోవుడు. నాలుగోది లేదు."

"నాలుగోది మనిషి కన్ను" అంది అత్తమ్మ.

"నీ నాలుగోది నువ్వు చూసుకో వదిన. నా మూడు నేను చూసుకుంట."

మొదటిది చూశాడు. అదే ప్లగ్గుకు బల్బు తగిలించాడు. వెలిగింది. గోడ దాకా కరెంటుకు కొరత లేదు. రెండోది చూశాడు. వైరును మొదటి నుంచి చివరి దాకా వేళ్ళతో నొక్కుకుంటూ వచ్చాడు, లోపల ఎక్కడైనా తీగ తెగిందేమోనని. ప్లగ్గు దగ్గర కొంచెం మెత్తగా తగిలితే అంత మేర కోసేసి కొత్తగా బిగించాడు. మిషను పలకలేదు. మీట విప్పి, లోపలి రాగి ముక్కలను గరుకు కాగితంతో రుద్ది, నోటితో ఊది మళ్ళీ పెట్టాడు. పలకలేదు. మూతిని చేత్తో తిప్పి చూశాడు, హాయిగా తిరిగింది. చివరికి మిషనును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. లోపలి చుట్టలు కాలిపోతే చేదు వాసన వస్తుందట. ఏ వాసనా లేదు.

"ఇగ కార్బన్లే" అన్నాడు కాక. తరవాత గొంతు ఇంకా పెంచి, నా కోసమే చెప్పాడు. "రెండు నల్లటి ముక్కలుంటయ్ బిడ్డా, అటొకటి ఇటొకటి. చిటికెనేలు గోరంతుంటయ్. ఎనక స్ప్రింగు తోక. ఆ రెండు ఆనుకుంటెనే లోపటిది తిరుగుతది. ఒక్కటి లేకున్నా అది పీనుగే."

"కార్బన్లు నేను చూసిన కాక" అన్నాడు మా ఆయన. "మంచిగున్నయ్."

కాక ఇంక వాటి జోలికి వెళ్ళలేదు. గనిలో పనిచేసేవాళ్ళ మర్యాద అది. చీకట్లో ఒకడు నేను చూశానంటే పక్కవాడు మళ్ళీ చూడడు. చూస్తే వాణ్ణి నమ్మనట్టే. ఆ మర్యాద తప్పని మనిషి కనుక కాక మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. గోడ, వైరు, మీట. మీట, వైరు, గోడ. దొంగ చేతికే తాళాలిచ్చి ఇల్లంతా సోదా చేశాడు పాపం.

రోజులు అలాగే జరిగాయి. కాక డ్యూటీ దిగగానే మా ఇంటికి రావడం, చాయ తాగడం, వైరూ మీటా విప్పి మళ్ళీ బిగించడం. అత్తమ్మ తన నాలుగో కారణం మీద తాను పనిచేసింది. డ్రిల్లు మూతికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. ఏ బండికో, దుకాణానికో కడితే చూశాను గాని డ్రిల్లుకు కట్టడం మళ్ళీ ఎక్కడా చూడలేదు. నేను పడుకుని ఆ మాటలన్నీ వింటుండేదాన్ని. వింటూ వింటూ కునుకు పట్టేది. కలలో మా అమ్మ తొట్టెల నెత్తిన పెట్టుకుని గోదావరి ఇసుకలో నడిచి వస్తుండేది. ఎంత నడిచినా ఇసుకే. మెలకువ వచ్చేసరికి ముందు గదిలో కాక ఇంకా, "నడుస్తలేదంటె మూడే మూడు" అంటూ ఉండేవాడు. పేరు పెట్టే రోజు దగ్గరపడుతోంది. నాకు అన్నం సయించడం మానేసింది.

ఒక రోజు కాక విసిగి, "గీ మిషను ఫికర్ ఇడువు. రేపు నువ్వు డ్యూటీకి పో. నేను వచ్చి సుత్తె, శానం తోని ఒక్క గడియల రంధ్రం ఏస్త. లేకుంటె ఇంకో మిషను దొరకపట్టుకొస్త" అన్నాడు.

"వద్దు" అన్నాడు మా ఆయన. ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందంటే పాప లేచింది. "నేను లేనప్పుడు ఎవ్వలు కప్పు ముట్టొద్దు కాక."

కంపెనీ ఇల్లు పాడవుతుందని జాగ్రత్త పడుతున్నాడేమో అనుకున్నాను. ఇల్లు ముఖ్యమా, నా బిడ్డ ముఖ్యమా అని కోపం కూడా వచ్చింది. బాలింతకు కోపం రాకూడదని అత్తమ్మ మిరియాల కషాయం తాగించింది.

మరునాడు ఆయన మొదటి షిఫ్టుకు వెళ్ళాడు. అత్తమ్మ బట్టలు నానబెడుతూ జేబులు వెతుకుతోంది. ఆమె ఎప్పుడూ వెతికేది. బీడీలు తడిస్తే కొడుకు తిడతాడని. ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టి, "వీని జేబుల గూడ బొగ్గే ఉన్నది. కడుపుల ఎంతున్నదో" అని గొణుక్కుంటూ నా గదిలోకి వచ్చింది. ఆ ముక్కను కుంపట్లో వేయడానికి వంగింది.

బొగ్గు ముక్కకు అంచులు అంత చక్కగా ఉండవు. ఆమె వేళ్ళ సందు నుంచి ఏదో సన్నగా వేలాడింది, స్ప్రింగులా. "అత్తమ్మా, అదిటియ్యి" అన్నాను. ఎందుకని అడగకుండా నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. నలుపలకలుగా, నున్నగా, చిటికెనవేలు గోరంత. వెనక తోక. కాక నోటి మాటలతో గీసి చూపించిన బొమ్మ అచ్చంగా నా అరచేతిలో ఉంది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. కానీ ఇక్కడ వెతుకుతున్న వాళ్ళు వేరు, చంకలో పెట్టుకున్న వాడు వేరు. ఆయన ఆ పని ఎందుకు చేశాడో నాకు అర్థం కాలేదు. ఈ బిడ్డ తొట్టెలలో పడటం ఆయనకు ఇష్టం లేదా అన్న పాడు ఆలోచన కూడా వచ్చింది. ఆ ముక్కను పిడికిట్లో పెట్టుకుని పడుకున్నాను. నిద్ర రాలేదు. ఆ మధ్యాహ్నం షిఫ్టు కూత ఎంత ఆలస్యంగా వచ్చిందో చెప్పలేను.

ఆయన వచ్చాడు. స్నానం చేసి, పాపను చూడటానికి గుమ్మంలోకి వచ్చాడు. అత్తమ్మ బయట బట్టలు ఆరేస్తోంది. నేను పిడికిలి విప్పాను.

"ఇదేంది?"

చూశాడు. గుమ్మం మీదే కూర్చుండిపోయాడు.

"అవ్వకు దొరికిందా?"

"కుంపట్ల ఏస్తుండె. నేనే అడిగి తీసుకున్న. ఎందుకు తీసిండ్రు దీన్ని?"

ఆయన తన చేతుల్ని చూసుకున్నాడు. తరవాత, "ఆ కప్పు మంచిగ లేదు" అన్నాడు.

"ఏ కప్పు?"

"గీ కప్పే. నీ మీదున్నది. ఆనాడు కొట్టి చూసిన. డొల్ల మోగింది. లోపటైతె గట్ల మోగిన కాడ ఒక్క మనిషి నిలవడడు. అందరం ఎనకకు వస్తం. నువ్వు, బిడ్డ దాని కిందనే పండుకుంటిరి. దాంట్ల నేను రంధ్రం ఎట్ల ఏస్త?"

స్లాబును వదిలేసిన గచ్చు పొర కూడా అలాగే డొల్లగా మోగుతుందని చాలా కాలం తరవాత సున్నం వేయడానికి వచ్చిన మేస్త్రీ చెప్పాడు. ఆ పొర ఊడినంత మాత్రాన స్లాబుకు ఏమీ కాదట. ఆ రోజు ఆ సంగతి మా ఇద్దరికీ తెలియదు. ఆయనకు తెలిసిందల్లా ఒకటే చప్పుడు, ఆ చప్పుడుకు ఒకటే అర్థం.

"మరి చెప్పొచ్చు గద" అన్నాను.

"ఏమని చెప్పాలె? డ్రిల్లు కాడ పనిచేసేటోడు ఇంట్ల కప్పుకు భయపడ్డడని షిఫ్టంత నవ్వరా? నేను డ్యూటీకి పోయినంక ఎవ్వలన్న వచ్చి ఎక్కడ ఏసేస్తరో అని అదొక్కటి తీసి జేబుల పెట్టుకున్న."

అది కూడా గని అలవాటే. లోపల ఏ మిషను మీదైనా మనిషి చెయ్యి పెట్టాలంటే ముందు దాని ఫ్యూజు పీకి తన జేబులో వేసుకుంటాడు. తెలియక ఎవరైనా మీట వేసినా అది కదలదు. జేబులో ఉన్నంత సేపు తన ప్రాణం తన దగ్గరే ఉన్నట్టు. మా ఆయన మా ఇద్దరి ప్రాణాలు అన్నాళ్ళూ జేబులో వేసుకుని తిరిగాడు.

ఇంకా ఏదో ఉందని ఆయన వాలకం చెబుతోంది. ఆయనే అన్నాడు.

"ఎండకాలంల మా జోడీ ఆయన పోయిండు గద."

పోయాడని నాకు తెలుసు. ఆయనతో పాటు డ్రిల్లు పట్టే రెండో మనిషి మీద కప్పు పడింది. కడుపుతో ఉన్నదానికి చెప్పకూడదని అంతకు మించి నాకెవరూ చెప్పలేదు.

"ఆనాడు గూడ నేను కొట్టి చూసిన. గట్లనే మోగింది. ఒక్క రంధ్రమే మిగిలింది, జల్ది కానిద్దామన్నడు. నేను సరే అన్న."

అంతే అన్నాడు. నాకు పొద్దుటి నుంచి ఉన్న కోపం ఎటు పోయిందో తెలియదు. లేచి వెళ్ళి ఆయన తల పట్టుకోవాలనిపించింది. బాలింతను కదా, మంచం దిగితే అత్తమ్మ ఊరుకోదు. పెళ్ళయిన నాటి నుంచీ ఆ మనిషి మీద నాకు అంత ప్రేమ ఎన్నడూ కలగలేదు. అది చెప్పడం చేతగాక వేరే మాట చెప్పాను.

"కప్పు జోలికి పోవద్దు. కాని పేరు పెట్టేనాడు నా బిడ్డ తొట్టెల్ల పండాలె. అది మాత్రం నేను ఇడువ."

ఆయన తల ఊపాడు. కొంచెంసేపటికి లేచి, కప్పు కేసి, గోడల కేసి, నేల కేసి చూశాడు. ఆ చూపు ఇంటి మనిషి చూపులా లేదు. పనిలోకి దిగిన మనిషి చూపులా ఉంది. "రేపు నువ్వు ముందటి గదిల పండుకో" అన్నాడు.

మరునాడు నన్నూ పాపనూ ముందు గదిలోకి మార్చారు. ఇద్దరు మనుషులు దుంగలు మోసుకొచ్చారు. గనిలో వాళ్ళ పనే అది, బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా కింద కర్రలు నిలబెట్టడం. ఆ కర్రల్ని ప్రాపులు అంటారు. పొట్టివనో, వంకరవనో పక్కన పడేసిన వాటిని అడిగి తెచ్చామన్నారు. బెత్తంతో కొలుచుకుని, గొడ్డలితో చివరలు చెక్కి, గదికి అటొక ప్రాపు ఇటొక ప్రాపు నిలబెట్టారు. వాటి మీద అడ్డంగా, కప్పుకు ఆనేట్టు, ఒక లావుపాటి దుంగ ఎక్కించారు. సందుల్లో చెక్క ముక్కలు పెట్టి సుత్తెతో కొట్టి బిగించారు. ఎవరూ నవ్వలేదు. కప్పు డొల్లగా ఉందని మా ఆయన అంటే, వాళ్ళలో పెద్దవాడు చువ్వతో ఒక్కసారి కొట్టి విని, "అవు, మంచిగ లేదు" అని పనిలో పడ్డాడు.

డ్రిల్లుకు కార్బన్ మళ్ళీ పెట్టింది కాకే. పెడుతూ మా ఆయన్ను ఓరగా చూశాడు.

"చూసిన అంటివి గదరా?"

"చూసిన కాక. చూసే తీసిన."

కాక మిషను ఆయన చేతికిచ్చాడు. అత్తమ్మ కట్టిన నిమ్మకాయ ఇంకా మూతికి వేలాడుతోంది, దాన్ని తెంపి పక్కన పెట్టారు. మీట నొక్కగానే గుర్రుమంది. అడ్డ దుంగకు కింది నుంచి మెల్లగా, తొందర లేకుండా రెండు రంధ్రాలు వేసి కొక్కేలు బిగించాడు. ముందు గదిలో పడుకున్న నాకు పచ్చి కర్ర వాసన వచ్చింది. తన కారణమే నిజమైందని అత్తమ్మ ఇరుగుపొరుగుతో చెప్పుకుంది. కన్ను పోగానే మిషను తిరిగిందట.

పేరు పెట్టే రోజు వచ్చింది. అమ్మ తొట్టెల తెచ్చింది. గదిలోకి రాగానే ఆ దుంగల్ని చూసి గుమ్మంలోనే ఆగింది. "ఇదేం ఇల్లే, గనా?" అని నా చెవిలో అంది. అత్తమ్మ మాత్రం ప్రాపులకు పసుపు రాసి, బొట్లు పెట్టి, అడ్డ దుంగకు మామిడాకులు కట్టి, "ఇగ దూలం ఉన్నది, ఇల్లయింది" అంది. వచ్చిన ఆడవాళ్ళు గుండ్రంగా నిలబడి పాట అందుకున్నారు. పాపను నా ఒళ్ళోంచి తీసుకుని తొట్టెలలో పడుకోబెట్టారు. మా ఆడబిడ్డ వంగి చెవిలో పేరు చెప్పింది. పాప ఒకసారి ఆవులించి నిద్రపోయింది. ఆ పాట నాకు ఎక్కడో దూరంగా, నీళ్ళ అవతల నుంచి వచ్చినట్టు వినిపించింది. ఇది నా ఇంట్లో జరుగుతోందని నమ్మడానికి ప్రాపును పట్టుకుని నిలబడ్డాను.

సాయంత్రానికి అందరూ వెళ్ళిపోయారు. అమ్మా అత్తమ్మా వాకిట్లో కూర్చుని మాట్లాడుకుంటున్నారు. పాప తొట్టెలలోనే ఉంది. మా ఆయన వచ్చి తొట్టెల పక్కన నేల మీద కూర్చున్నాడు. ఒక చెయ్యి ప్రాపు మీద వేసి, తల దానికి ఆనించాడు.

"ఏం చేస్తుండ్రు?" అన్నాను.

"కట్టె మాట్లాడ్తది. పైన బరువు పడ్తె కిర్రుమంటది, ఉరుకుండ్రి అని చెప్తది. లోపట మేం దాని మాటే ఇంటం. స్లాబు అట్ల చెప్పది."

"ఇప్పుడేమంటున్నది?"

కళ్ళు మూసుకుని విన్నాడు. నేనూ ఊపిరి బిగబట్టాను. తొట్టెల గొలుసు సన్నగా కదిలే చప్పుడు, పాప నిద్రలో పెదాలు చప్పరించే చప్పుడు, వాకిట్లో ఇద్దరు ముసలమ్మల మాటలు. అంతకు మించి ఏమీ లేదు.

"ఏమంటలేదు" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. పాప లేస్తుందని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఆయన నన్ను చూశాడు. ప్రాపు మీది చెయ్యి తీయకుండానే రెండో చేత్తో తొట్టెల ఊపడం మొదలుపెట్టాడు.